చింతపండు సంగతి తార్నాకలోనే ఉండిపోయింది

సన్నబియ్యం పథకం 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైంది. అప్పటి నుంచి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో తిండి మాటెత్తితే మనిషికి ఆరు కిలోల లెక్క, గింజ సన్నదనం, నూకల గొడవ. రేషన్ బియ్యం తినేటట్టు ఉంటే మంచిదే, కాదనేదెవరు? ఒళ్లు మండేది మరోచోట. ఎముకల్లో ఫ్లోరైడ్ పేరుకుపోయిన మనుషులున్న ఉమ్మడి నల్లగొండ ఇది. ఇక్కడ తిండి గురించి ఇంత మాట్లాడుతూ, ఆ మనుషులు ఏం తినాలో మాత్రం ఒక్కరూ ఎత్తరు.

నీళ్లొచ్చాయి కదా అంటారు. వచ్చాయి. మిషన్ భగీరథతో ఫ్లోరైడ్ బోరు నీళ్ల పీడ చాలా ఊళ్లకు తప్పింది, అది చిన్న విషయమేం కాదు. కానీ నల్లా తిప్పగానే ఎముక కడుక్కుపోదు. దశాబ్దాలుగా చేరిన ఫ్లోరైడ్ వదలాలన్నా ఏళ్లు పడుతుంది. వంగిన వెన్ను ఇక నిటారు కానే కాదు.

తిండికీ ఈ జబ్బుకూ లంకె ఉందని తెలిసి యాభై ఏళ్లు దాటింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసం నల్లగొండ జిల్లాలో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు ఎడమైపోయిన కుర్రవాళ్ల గురించే. ఆ వంకర జొన్న ప్రధానంగా తినే ఇళ్లలో ఎక్కువగా కనబడింది. నాగార్జునసాగర్ కాల్వలకు 1967లో నీళ్లు వదిలాక ఊటతో భూగర్భ జలం పైకొచ్చిందనీ, జొన్నలో మాలిబ్డినం పెరిగి ఒంట్లోని రాగిని మూత్రంలో పోగొట్టిందనీ అప్పట్లో వాళ్లు వివరించారు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు పండించి పెట్టిన సాగర్ నీళ్లకే ఈ రెండో ముఖం కూడా ఉంది. జొన్న తిన్నవారి ఒంట్లో, అన్నం తిన్నవారికంటే, ఎక్కువ ఫ్లోరైడ్ నిలుస్తుందని కూడా ఆ సంస్థ ప్రయోగాల్లోనే తేలింది. చిరుధాన్యాల మోజులో ఊరూరా జొన్నరొట్టె ప్రచారం చేసేవాళ్లు ఈ సంగతి ఓసారి చదువుకుంటే బాగుండు.

అసలు చెప్పుకోవాల్సింది చింతపండు సంగతి. 2002లో అచ్చయిన ప్రయోగంలో అదే సంస్థవాళ్లు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది, మెగ్నీషియం వృథా తగ్గింది. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను కదిలించడంలో చింతపండు పాత్ర మీద తర్వాత కూడా పరిశోధన సాగింది. పిల్లల సంఖ్య తక్కువే, ఇదే మందని ఎవరూ అనలేదు. కానీ ఈ ఫలితం యూరప్ పత్రికలో అచ్చయి అక్కడే ఉండిపోయింది. తార్నాక నుంచి సూర్యాపేటకు గట్టిగా మూడు గంటల ప్రయాణం. ఇన్నేళ్లయినా ఆ మాట బస్సెక్కలేదు. పైగా ఇక్కడ ఇంటింటా పెద్దవాళ్లు కీళ్లు పట్టేసినవాళ్లను పులుపు మానెయ్యమనే అంటారు. చారు, పులుసు, చింతచిగురు పప్పు లేనిదే ముద్ద దిగని జిల్లాలో, సరిగ్గా ఆ జబ్బు ఉన్నవాడి కంచంలోంచే చింతపండు తీసేస్తున్నారు. ఏ ఆశా కార్యకర్త చేతిలోనైనా దీని గురించి ఒక కరపత్రం పెట్టి ఉంటే ఎంత ఖర్చయ్యేది?

ఇక కాల్షియం. కడుపులో కాల్షియం ఉంటే కొంత ఫ్లోరైడ్‌ను అది పట్టుకుని ఒంటికి ఎక్కనివ్వదు, లేకపోతే నష్టం రెట్టింపు. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మి.గ్రా. కావాలని 2020లో ఐసీఎంఆర్ చెప్పింది. పాలిష్ పట్టిన బియ్యం వంద గ్రాముల్లో ఉండేది పది మి.గ్రా.కు అటూ ఇటూ. రాగుల్లో దాదాపు 350. నువ్వులు, మునగాకు, తోటకూర ఉండనే ఉన్నాయి. తగ్గించుకోవాల్సినవీ ఉన్నాయి. ఫ్లోరోసిస్ మీద జీవితకాలం పనిచేసిన ఢిల్లీ శాస్త్రవేత్త ఎ.కె. సుశీల నల్ల ఉప్పునూ, పాలు లేని టీనీ మానమని చెబుతూ వచ్చారు. టీ ఆకు నేలలోని ఫ్లోరైడ్‌ను బాగా పీల్చుకుంటుంది మరి. విజయవాడ హైవే మీద బస్సు ఆగిన ప్రతిచోటా లెమన్ టీ అమ్మే ఊళ్లివి!

ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో రోజూ 200 మి.లీ. పాలు, గుడ్డు ఇస్తున్నారు. ఫ్లోరైడ్ ఊళ్ల బడి పిల్లలకు కూడా ఆ గ్లాసు పాలు పొయ్యొచ్చు. ఆరు కిలోల్లో ఒక కిలో రాగులు ఇవ్వొచ్చు. అడిగేవాళ్లు కావాలి.

నీళ్ల కోసమైతే అడిగారు. దుశ్చర్ల సత్యనారాయణ జల సాధన సమితి పిలుపుతో 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి ఏకంగా 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది, చివరికి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఢిల్లీకి అందులో కనిపించింది ఫ్లోరైడ్ కాదు, అభ్యర్థుల రద్దీ. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచేశారు. ఇప్పుడు పాల కోసం, రాగుల కోసం ఎవరైనా అదే దారి పడదామనుకుంటే తలా 25,000 కట్టాలి.