బడి పెరగాలి, బాట ఇరుకు కారాదు

ఊరికి బడి వస్తోందంటే ఎదురేగి స్వాగతం చెప్పే జనం మనవారు. బడికి జాగా ఇచ్చిన రైతులున్నారు, శ్రమదానం చేసి గదులు లేపిన గ్రామాలున్నాయి. అటువంటిది హైదరాబాద్ తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్ కాలనీలలో బడిని పెద్దది చేస్తామంటే ఇరుగుపొరుగువారు అడ్డు చెప్పే పరిస్థితి ఏర్పడింది. వారు చదువుకు శత్రువులేమీ కారు. బడి ముందు నిలిచే ఆటోలు, వ్యాన్లు, బస్సులు, మోటారు సైకిళ్లను చూసి జంకుతున్నారు.

ఇది పట్నంవారి తగాదా, మనకెందుకు అని జిల్లా గ్రామాలవారు ఊరుకోవడానికి వీలులేదు. ఎల్.బి.నగర్ చౌరస్తా రంగారెడ్డి, నల్లగొండ పల్లెలకు నగర ద్వారం. ఒకప్పటి 9వ నెంబరు, ఇప్పటి 65వ నెంబరు విజయవాడ జాతీయ రహదారి ఇక్కడి నుంచే దిల్‌సుఖ్‌నగర్ మీదుగా లోపలికి పోతుంది. నాగార్జునసాగర్ రోడ్డు, ఉప్పల్ వైపు పోయే ఇన్నర్ రింగ్ రోడ్డు ఇక్కడే కలుస్తాయి. ఇబ్రహీంపట్నం, యాచారం, హయత్‌నగర్, చౌటుప్పల్ వైపు నుంచి పాలు, కూరగాయలు, కూలీలు, రోగులు అందరికీ ఇదే దారి. పైగా పిల్లలను ఈ ప్రాంతపు బడులలో, కాలేజీలలో, హాస్టళ్లలో చేర్పించిన తల్లిదండ్రులు మన పల్లెలలో ఎందరో ఉన్నారు. అక్కడి సందులో బస్సు చక్రం ముందు నుంచి నడిచేది మన బిడ్డలు కూడా.

లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్.బి.నగర్ 2007 వరకు వేరే మునిసిపాలిటీ. ఆ ఏడాది మహానగరంలో కలిసింది. అప్పటికే వేసిన కాలనీల రోడ్లు ఇళ్లవారి రాకపోకలకు సరిపోయేవే గాని, వందలాది వాహనాలు ఒక్కసారిగా వచ్చి నిలబడడానికి వేసినవి కావు. తర్వాత పెద్ద రోడ్డు మీద పనులు బాగానే జరిగాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. అండర్‌పాస్‌లు, ఫ్లైఓవర్లు కట్టారు. కాని ఫ్లైఓవర్ ఎంత పొడవు కట్టినా సందు వెడల్పు పెరగదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. బడి మరో రెండంతస్తులు వేసి 600 మంది పిల్లలను అదనంగా చేర్చుకుందనుకుందాం. వారిలో 200 మందిని తల్లిదండ్రులు విడివిడిగా బండ్ల మీద తెచ్చి దింపితే, బడి గంట ముందు 20 నిమిషాలలో ఆ 200 బండ్లు రావాలి. అంటే ప్రతి 6 సెకన్లకు ఒకటి. తక్కిన 400 మందికి 40 సీట్ల బస్సులు పది కావాలి. అవి నిలిచే చోటు, తిరిగే చోటు ఏది? ఆ సమయంలో అంబులెన్సు గాని, ఫైరింజను గాని ఆ సందులోకి ఎలా వస్తుంది? గదులకు ప్లాను గీసినవారు దీనికి ప్లాను గీస్తున్నారా?

యాజమాన్యాల మాటలో కూడా న్యాయం లేకపోలేదు. సీట్లు కావాలని వచ్చేది తల్లిదండ్రులే. కొత్త జాగా కొనాలంటే ధరలు ఆకాశాన్నంటుతున్నాయి. గదులు పెంచకపోతే పిల్లలను ఇరికించి కూర్చోబెట్టాలి. ఇక అభ్యంతరం చెప్పే కాలనీవారిలో కొందరు తమ పిల్లలను మరో కాలనీ బడి ముందు కార్లలో దింపి వచ్చేవారే. కనుక తప్పంతా ఒకరి నెత్తిన రుద్ది లాభం లేదు.

అసలు లోపం అనుమతుల తీరులో ఉంది. కట్టడానికి అనుమతి పురపాలకులది. గుర్తింపు విద్యాశాఖది. రోడ్డు ట్రాఫిక్ పోలీసులది. బస్సుల తనిఖీ రవాణా శాఖది. ఎవరికి వారే యమునా తీరే అన్నట్లు వ్యవహరిస్తే బడి గేటు ముందు జరిగేది ఎవరికీ పట్టదు. నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటోంది. ఆటస్థలాన్ని మింగి గదులు కట్టడం విస్తరణ అనిపించుకోదు. బడి బస్సులకు వేగ నియంత్రణ, అనుభవమున్న డ్రైవరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే ఆదేశించింది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు సంగతి మన రైతులకు తెలిసిందే. 2021లో దానిని కొత్తపేట నుంచి బాటసింగారం వైపు తరలించడం మొదలుపెట్టారు. బత్తాయి, మామిడి లోడు వేసుకుని వచ్చే రైతు నగరం వెలుపలే ఆగవలసి వచ్చింది. రైతు బండికి అంత లెక్క చూసినప్పుడు, బడి వాహనాలకు మాత్రం లెక్క ఉండనక్కరలేదా?

విస్తరణ అడిగే ప్రతి బడి ముందుగా తన వాహనాల లెక్క రాసి ఇవ్వాలి. నాలుగు శాఖల వారు ఒకేసారి, బడి విడిచే వేళ, స్థలానికి వచ్చి చూడాలి. కాలనీవారిని పిలిచి వారి మాట వినాలి. బస్సులు గేటు లోపలే నిలవాలి. చిన్న తరగతులకు, పెద్ద తరగతులకు వేళలు వేరు చేస్తే రద్దీ సగానికి దిగుతుంది. జపానులో చిన్న పిల్లలు జట్లుగా నడిచి బడికి పోతారు. ఇటలీలోని బొల్జానో పట్టణంలో బడి వేళల్లో ఆ వీధిలోకి వాహనాలు రానివ్వకుండా 1989 నుంచే ఆపుతున్నారు. దగ్గరి కాలనీ పిల్లల విషయంలో ఇది ఇక్కడ కూడా అసాధ్యమేమీ కాదు. ఈ షరతులకు ఒప్పుకున్న బడికి అనుమతి ఇవ్వాలి. ఒప్పుకోనిదానికి నిరాకరించాలి.

అన్నిటికీ మించిన మందు మరొకటి ఉంది. పల్లె పిల్లవాడు తెల్లవారుజామున లేచి వ్యాను ఎక్కి నగరానికి ఎందుకు పోతున్నాడు? ఊరి బడి మీద నమ్మకం సన్నగిల్లినందుకే. 2022లో 'మన ఊరు - మన బడి' పేరుతో 26 వేలకు పైగా ప్రభుత్వ బడులను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ప్రకటన వెలువడినంత మాత్రాన గది లేవదు, పంతులు రాడు. మన ఊళ్ల జిల్లా పరిషత్తు బడులలో గదులు, పంతుళ్లు, మరుగుదొడ్లు సరిగా ఉన్నాయో లేదో గ్రామస్తులే అడిగి తెలుసుకోవాలి. ఊరి బడి నిలబడితే దిల్‌సుఖ్‌నగర్ సందులో ఒక వ్యాను తగ్గుతుంది, మన బిడ్డకు ఇంకో గంట నిద్ర దక్కుతుంది.

ప్రమాదం జరిగాక పరామర్శకు వచ్చే అధికారులు, నాయకులు ముందే ఒక ఉదయం ఆ గేట్ల ముందు నిలబడి చూడడం మంచిది.