పశువైద్యశాలలో పనివారు

పశువునకు నోరు లేదు. తన్ను పట్టుకొనిన చేయి మంచిదో చెడ్డదో అది చెప్పుకొనజాలదు. కావున ఆ చేతిని ఎంచుకొను భారము పశువైద్యునిపై నున్నది. ఏ. పళ్లిపట్టి ప్రాంతమున పాడిని నమ్ముకొనిన కుటుంబములు మనవారిలోను కలవు గనుక, వైద్యశాలలో పనివారి నియామకము ఒక్క వైద్యుని సొంత వ్యవహారమని మేము తలంపజాలము.

పల్లెలలో కొలువు తరచుగా సిఫారసుపై నడచును. "మావాడే, పెట్టుకొనుడు" అని పెద్దలొకరు చెప్పుదురు; వైద్యుడు మొగమాటపడి ఒప్పుకొనును. మనవాడగుట అర్హతయు కాదు, అనర్హతయు కాదు. పశువును బెదరనీయక పట్టుకొనుట, పరికరములను శుభ్రపరచుట, మందుల లెక్క తప్పక వ్రాయుట వచ్చునో రాదో, కొన్ని దినములు జీతమిచ్చి చూచిన పిదప నిర్ణయించుట మేలు. తమిళ రైతు మాటను, తెలుగు అవ్వ మాటను ఒక్కరీతిగా ఆలకించి వైద్యునికి చెప్పగలవాడైన మరియు మంచిది.

పనిలో చేరినవానికి హద్దు తెలుపవలయును. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ననుసరించి చికిత్స చేయు హక్కు నమోదైన పశువైద్యునిది. డిప్లొమా గాని సర్టిఫికెట్టు గాని గలవారు, ప్రభుత్వము అనుమతించిన చిన్న సేవలను వైద్యుని పర్యవేక్షణలో చేయవచ్చును. తాను ఊరు వెళ్లుచు "సూది నీవే వేయుము" అని ఏ చదువును లేని సహాయకునికి చెప్పు వైద్యుడు, పశువునకును అతనికిని ద్రోహము చేయుచున్నాడు. ఆవు చచ్చిననాడు నింద ఆ సహాయకుని తలపై పడును.

రేబిస్ సోకిన పశువు నోట చేయి పెట్టుట ప్రాణాంతకము. ఈచుకుపోయిన ఆవు మాయను వట్టిచేత తీసినవానికి బ్రూసెల్లోసిస్ అంటి, వారములు, నెలలు జ్వరమును కీళ్లనొప్పులును పీడింపవచ్చును. చేతితొడుగులు, ముందస్తు రేబిస్ టీకా యజమాని ఖర్చుతోనే సమకూడవలయును.

ఇక తొలగింపు. కోస్తా, రాయలసీమలు తమిళ జిల్లాలతో కలిసి మద్రాసు ప్రావిన్సుగా నున్న 1947లో ఏర్పడిన దుకాణములు, సంస్థల చట్టము తమిళనాట నేటికిని అమలులో నున్నది. 6 నెలలు ఎడతెగక పనిచేసినవానిని తగిన కారణము లేక తొలగింపరాదనియు, నెల ముందు తెలుపుటయో నెల జీతమిచ్చుటయో చేయవలయుననియు దాని 41వ సెక్షను చెప్పుచున్నది. దుష్ప్రవర్తన విషయమున నోటీసు అక్కరలేదు గాని, విచారణ జరిపి సాక్ష్యము వ్రాసికొనవలయును. పశువైద్యశాలకు ఆ చట్టము వర్తించునా యను తర్కమును న్యాయవాదులకు విడిచెదము. అందలి ధర్మము ఎల్లరకు వర్తించును. మందు సీసా కనబడలేదని సాయంకాలము నలుగురిలో కేకలువేసి పంపివేసిన, ఆ యువకునికి మరియొక చోట పని దొరకుట దుర్లభము.

ఇంట తెలుగు మాటాడుచు బడిలో తమిళమే చదివిన పిల్లలు మనలో పెక్కురు. షరతులను అతడు చదువగల లిపిలో వ్రాసి, తెలుగున వివరించి, ఇరువురును సంతకము చేయుట యుక్తము. సిఫారసు చేసిన పెద్దలకు మా విన్నపమొకటి: తొలగింపు వచ్చిననాడు పక్షము వహింపకుడు, విచారణ న్యాయముగా జరిగినదా యని మాత్రము అడుగుడు.