చివరి రాజుకి ఒక్క పియానో

డార్క్ సోల్స్ మొదటిసారి ఆడినప్పుడు నా ఆడియో డ్రైవర్ పాడయిందనుకున్నాను. నవ్వకండి. సెట్టింగ్స్‌లో చూస్తే మ్యూజిక్ వాల్యూమ్ ఫుల్లుగానే ఉంది. అడుగుల చప్పుడు వినిపిస్తోంది, కవచం గలగలా వినిపిస్తోంది, సంగీతం మాత్రం లేదు. డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను కూడా. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, ఏది కనిపించినా బగ్గే అనిపిస్తుంది :)

బగ్ కాదు, కావాలనే అలా చేశారు. ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు 2011లో తెచ్చిన ఈ ఆటలో ఫైర్‌లింక్ ష్రైన్ లాంటి కొన్ని చోట్ల తప్ప, బాస్ ఎదురైతేనే సంగీతం మోగుతుంది. చేసినాయన మోటోయి సకురాబా. ఈయన దేజా వూ అనే ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించిన మనిషి. స్టార్ ఓషన్, టేల్స్ ఆటలకి ఈయన చేసిన యుద్ధ సంగీతం వింటే, చేతికి అందిన ప్రతి కీ నొక్కేస్తున్నాడా అనిపిస్తుంది. అలాంటాయన ఇక్కడ గంటలకి గంటలు నోరు మూసుకుని కూర్చున్నాడు.

మా తాతగారు పోయినప్పుడు సికింద్రాబాద్‌లో మా ఇంట్లో మైల రోజులయ్యేదాకా టీవీ పెట్టలేదు. వీధిలో హారన్లు, కూరగాయల బండి వాడి కేకలు అన్నీ మామూలే, ఇంట్లో మాత్రం గిన్నె కింద పడినా ఉలిక్కిపడేవాళ్ళం. డార్క్ సోల్స్ లోకం మొత్తం అలా మైలలో ఉన్నట్టుంటుంది. ఉండాలి కూడా. కథ ప్రకారం లోకాన్ని నిలబెట్టే నిప్పు ఆరిపోతోంది. గ్విన్ అనే రాజు ఆ నిప్పు నిలవాలని ఒకప్పుడు తననే కట్టెగా వేసుకున్నాడు. చివరికి మనం చంపాల్సింది అతన్నే.

అప్పటిదాకా బాస్ అంటే హోరు. గంట గోపురం మీద రాతి గార్గాయిల్స్ దిగినా, ఆన్స్టీన్, స్మావ్ అనే జంట ఎదురైనా, ఆర్కెస్ట్రా మీద పడిపోతుంది. చివరి బాస్‌కి దీనికి పదింతలుంటుందని హెడ్‌ఫోన్స్ సర్దుకుని మరీ వెళ్ళాను. బూడిద నేల, మతిపోయిన ఓ ముసలి రాజు, ఒక్క పియానో. అంతే. అతని కత్తి తీన్‌మార్ వేస్తుంటే పియానో మాత్రం తన మానాన తను నెమ్మదిగా నడుస్తుంటుంది. మన యుద్ధంతో దానికి సంబంధమే లేనట్టు.

పియానోనే ఎందుకు? నా మటుకు నాకు తోచింది చెబుతాను. వయొలిన్ మీద స్వరాన్ని లాగొచ్చు, పెంచొచ్చు. కోరస్ కూడా ఊపిరి ఉన్నంతసేపు నిలబెడుతుంది. పియానోలో సుత్తి తీగకి తగిలిన క్షణం నుంచే స్వరం తగ్గుతూ పోతుంది, మళ్ళీ పెంచే దారి లేదు. గమకమూ పలకదు. నిప్పు నిలబెట్టాలని చూసి బూడిదైన వాడికి, పుట్టగానే ఆరిపోవడం మొదలయ్యే శబ్దం కన్నా ఏం కావాలి? ఇదంతా సకురాబా ఆలోచించే చేశాడో లేదో గానీ, నాకు మాత్రం అలాగే వినిపించింది.

మా ఫ్రెండ్ ఒకడు ఆన్స్టీన్ ట్రాకే గొప్పదంటాడు. ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ వెళ్తూ చెవిలో పెట్టుకుని వింటే నిజంగానే అది గొప్పగా ఉంటుంది, గ్విన్ ట్రాక్ చప్పగా ఉంటుంది. విడిగా వినేవాళ్ళతో నా పేచీ అదే. దానికి ముందున్న నలభై గంటల నిశ్శబ్దం ఆల్బంలో రాదు కదా.

మన సినిమాల్లో పాతాళభైరవి (1951) నుంచి అరుంధతి (2009) దాకా మాంత్రికుడు వస్తున్నాడంటే సంగీతమే ముందు కబురు తెస్తుంది. అవంటే నాకూ ఇష్టమే. కానీ మన రీరికార్డింగ్‌లో ఇప్పుడు భయపడు, ఇప్పుడు చప్పట్లు కొట్టు అని పక్క సీట్లోంచి ఎవరో పొడుస్తున్నట్టుంటుంది. దుష్టుడు చచ్చాక కాసేపు ఊరుకోరేం? గ్విన్‌ని చంపాక నాకు గెలిచినట్టు అనిపించలేదు. ఓ ముసలాయన మీద చెయ్యి చేసుకున్నట్టనిపించింది. ఇలా అనిపించాలని నాకెవరూ చెప్పలేదు.

డార్క్ సోల్స్ 3 (2016)లో యుకా కితామురా దీన్ని ఇంకాస్త దూరం తీసుకెళ్ళింది. చివరి బాస్ మొదటి సగమంతా కోరస్, ఆర్కెస్ట్రా. చచ్చాడనుకుంటే మళ్ళీ లేస్తాడు, అప్పుడు పాత పియానోలోని ఆ మూడు స్వరాలే వస్తాయి. మొదటి ఆట ఆడని వాళ్ళకి అది మామూలు ట్యూనే. నా వేళ్ళు మాత్రం కంట్రోలర్ మీద ఆగిపోయాయి, ఆ పాటుకి చచ్చాను. రెండోసారీ అంతే. మూడోసారి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి ఆడితే గెలిచాను. వెంటనే మళ్ళీ తగిలించుకున్నాను గానీ అప్పటికే ఆగిపోయింది.