అమ్మకు పాత ఫోను చాలదా?

మన ఇళ్లలో కొత్త ఫోను వచ్చిన రోజున పాత ఫోను ఎవరి చేతికి వెళుతుందో అడగక్కర్లేదు. అబ్బాయికి కొత్తది. అబ్బాయి వాడేసింది నాన్నకి. నాన్న విసుగుపుట్టి పక్కన పడేసింది అమ్మకి! అద్దం పగిలి ఉన్నా, మధ్యాహ్నానికే బ్యాటరీ నీరసపడిపోతున్నా "నీకెందుకే అంత ఫోను? వాట్సాప్ చూసుకోడానికి ఇది చాల్లే" అని ఒక మాట. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూర ఇల్లాలికి అన్నట్టే ఇదీనూ. మనం కూడా "నాకెందుకులే" అని నవ్వేసి ఊరుకుంటాం.

ఊరుకోవడం బాగానే ఉంది. కానీ ఆ ఫోనుతో పని ఎవరికి ఎక్కువో చూడండి. పిల్లల స్కూలు గ్రూపులో హోంవర్కు చూసేది ఎవరు? గ్యాస్ బుక్ చేసేది, కరెంటు బిల్లు కట్టేది, అత్తగారి మందులు తెప్పించేది, డ్వాక్రా గ్రూపు లెక్కలు పంపేది, కూరగాయల బండి దగ్గర స్కాన్ చేసి డబ్బులు వేసేది ఎవరు? ఇంటాయన ఫోనులో ఎక్కువ భాగం మాటలూ, వార్తలూ, క్రికెట్టూ. ఇల్లాలి ఫోనులో సంసారం ఉంటుంది. అయినా నాసిరకం ఫోను ఆమెకే.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు నూటికి 54 మందే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో నూటికి 21 మంది అవునన్నారు, మగవాళ్లలో 49 మంది. తెలంగాణలో ఆ లెక్క 26, 57. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ చేతిలో ఫోను ఉండటం వేరు, పని చేసే ఫోను ఉండటం వేరు.

"మా ఇంట్లో సిగ్నల్ రాదండీ" అని ఎంతమంది అంటారో! మా వదిన కూడా అలాగే అనేది. అన్నయ్యదీ ఆమెదీ ఒకే కంపెనీ సిమ్ము, ఒకే రీచార్జి. ఆయన ఫోనులో హాల్లో వీడియో గడగడా ఆడుతుంది, ఈమె ఫోనులో వంటింట్లో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. "నీకు ఫోను వాడటం రాదు" అని ఆయన తీర్పు. వాడటం రాకపోవడానికీ సిగ్నల్ రాకపోవడానికీ ఏం సంబంధం చెప్పండి?

అసలు సంగతి రేడియో తెలిసిన వాళ్లకి సులువుగా అర్థమవుతుంది. పూర్వం మన ఇళ్లలో మీడియం వేవ్ మాత్రమే ఉన్న రేడియోలు ఉండేవి. ఊళ్లోకి ఎఫ్.ఎం. వచ్చాక, స్టేషను ఇంటి వెనకాలే ఉన్నా ఆ రేడియోలో అది పలికేది కాదు. తప్పు స్టేషనుదీ కాదు, తిప్పేవాళ్లదీ కాదు, పెట్టెలో ఆ బ్యాండు లేదంతే! ఫోనూ అంతే. ప్రతి కంపెనీ కొన్ని తరంగాల మీద సేవలు నడుపుతుంది. జియో 2016 సెప్టెంబర్‌లో మొదలైనప్పటి నుంచి 4జీని 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ మీద నడుపుతోంది. బీఎస్ఎన్ఎల్ సొంత 4జీకి ముఖ్యమైనవి 700, 2100. మీ ఫోనులో ఆ బ్యాండు లేకపోతే టవరు కిటికీలోంచి కనిపిస్తున్నా లాభం లేదు.

ఇందులో ఇంకో మెలిక. తరంగం సంఖ్య తక్కువైతే అది దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఎక్కువైతే వేగం బాగుంటుంది గానీ గోడ దగ్గరే నీరసపడుతుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్‌లు కాంక్రీటు గోడల్లోంచి లోపలికి రాగలవు. 2300, 5జీకి వాడే 3500 అంత తేలిగ్గా రావు. మన ఇళ్లలో వంటిల్లు ఎక్కడుంటుంది? ముందు హాలు, మధ్యలో గది, వెనకెక్కడో వంటిల్లు. పైన శ్లాబు, పక్కన స్టీలు అలమర, ఫ్రిజ్జు. తక్కువ బ్యాండు లేని ఫోను అక్కడ మూగబోతుంది. అంటే గోడలు దాటగల మంచి ఫోను అవసరం ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఎవరికి? లోపల పనిచేసే మనిషికే కదా! వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునే ఆయనకి ఏ ఫోనైనా సరిపోతుంది.

పాత ఫోనుకి ఇంకో లోపమూ ఉంటుంది. కొంచెం మంచి ఫోన్లు ఒకేసారి రెండు మూడు బ్యాండ్లు కలిపి డేటా లాగుతాయి. చవకవీ పాతవీ ఒక్కదానితోనే లాగుతాయి. సాయంత్రం ఏడు గంటలకి వీధి మొత్తం సీరియళ్లూ సినిమాలూ చూస్తున్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ రీచార్జి రేట్లు పెంచేశాయి. డబ్బు అందరం ఒకటే కడుతున్నాం, అందేది మాత్రం ఫోనుని బట్టి. ఇల్లాలు తన ఫోనులో సగం సేవకి పూర్తి డబ్బు కడుతున్నట్టే. రోజువారీ డేటా అయిపోతే వేగాన్ని 64 కేబీకి దించేస్తారు చాలా ప్లాన్లలో. ఆ వేగంలో రెండు ఎంబీల ఫోటో ఒకటి వెళ్లాలంటే నాలుగు నిమిషాల పైమాటే. పరీక్ష హాల్‌టికెట్టు పంపమని పిల్ల ఫోను చేస్తే ఆ నాలుగు నిమిషాలు ఎలా ఉంటాయో తల్లులకే తెలుసు.

ఇక భద్రత. కంపెనీ మార్పులు పంపడం మానేసిన పాత ఫోనులో బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. మరీ పాతబడ్డ ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్ ఫోన్లలో 2025 జనవరి నుంచి వాట్సాపే ఆగిపోయింది. "వాట్సాప్‌కి ఇది చాల్లే" అన్నవాళ్లు ఇప్పుడేమంటారో!

ఇళ్లలోనే కాదు, ఉద్యోగాల్లోనూ ఇదే వరస. అంగన్‌వాడీ కార్యకర్తల్ని చూడండి. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషనుకి లబ్ధిదారు ముఖం ఫోటో తీసి సరిచూడటం తప్పనిసరి చేశారు. చిన్న ఫోనుతో, అంతంతమాత్రం సిగ్నల్‌తో గర్భిణిని ఎండలో నిలబెట్టి ఫోను పైకెత్తి చూస్తూ ఉండాలి. సర్వర్ కలవకపోతే మాట పడేది ఆవిడే. పని అప్పగించేవాళ్లు పనిముట్టు సంగతి ముందు చూడొద్దా?

సరే, కొనే రోజు వచ్చిందనుకోండి. షాపువాడు ముందు కెమెరా చూపిస్తాడు. నూట ఎనిమిది మెగాపిక్సెళ్లట! మనం మిక్సీ కొనేటప్పుడు జార్లు ఎన్ని అని మాత్రమే చూసి వస్తామా? మోటారు ఎన్ని వాట్లు, ఇడ్లీపిండి రుబ్బుతుందా, కాలిపోతే ఊళ్లో బాగుచేసేవాడు ఉన్నాడా అని అడుగుతాం. చీర కొంటే కొంగు లాగి, వెనక్కి తిప్పి చూస్తాం. ఫోను దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి అంతా ఇంటాయనకి అప్పగించి పక్కన నిలబడతాం. ఎందుకు? "మా కంపెనీ 4జీ, 5జీ బ్యాండ్లన్నీ ఇందులో ఉన్నాయా? ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?" అని అడగడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. డబ్బా మీద లేకపోతే కంపెనీ సైట్లో ఉంటుంది, అక్కడే నిలబడి చూపించమనండి. 5జీ అని అట్ట మీద రాసినంత మాత్రాన సరిపోదు. 2022 అక్టోబర్‌లో 5జీ మన దేశానికి వచ్చినప్పుడు జియో ఒక పద్ధతిలో, ఎయిర్‌టెల్ ఇంకో పద్ధతిలో మొదలుపెట్టాయి. ముందే కొన్న కొన్ని 5జీ ఫోన్లు అప్‌డేట్ వచ్చేదాకా 4జీలోనే కూర్చున్నాయి. నన్నడిగితే మీ వీధిలో 5జీ సరిగా లేనప్పుడు దానికోసం ఎగబడటం కన్నా, 4జీ బ్యాండ్లు నిండుగా ఉన్న ఫోను మేలంటాను.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే ఫోన్ల గురించీ చెప్పాలి. ప్రేమగానే తెస్తారు పాపం. కానీ అక్కడి కొన్ని మోడళ్లలో మన 2300 బ్యాండు ఉండదు. కంపెనీ తాళం వేసి ఉంటే మన సిమ్ము ఒప్పుకోదు. అక్కడ అమ్మే ఐఫోన్లలో 14 నుంచి సిమ్ము పెట్టే చోటే లేదు, ఈ-సిమ్ మాత్రమే. తెచ్చే ముందు మోడల్ నంబరు అడిగి సరిచూసుకుంటే సరి.

"డబ్బెక్కడిదమ్మా, అందరికీ కొత్తవి ఎలా కొంటాం?" అంటారు. అందరికీ కొనమని నేనట్లేదు. ఇంట్లో ఉన్నవాటిలో ఏది ఎవరికి అన్నదే నా మాట. రీల్సు చూసే అబ్బాయికి ఆరు నెలల తర్వాత కొన్నా కొంప మునగదు.

ఫోను సంగతి ఇలా ఉంటే, అందులో ఉన్న సిమ్ము మన పేరు మీదే ఉందా? చాలామందిది భర్త పేరు మీదో, తమ్ముడి పేరు మీదో ఉంటుంది. అప్పట్లో ఎవరి ఆధార్ చేతికందితే వాళ్లది ఇచ్చేశారు. మన ఇంట్లో సిగ్నల్ బాగుండే కంపెనీకి నంబరు మార్చుకుందామన్నా, 1900కి మెసేజ్ పంపడం వరకే మన చేతిలో పని. కొత్త కంపెనీ దగ్గర వేలిముద్ర వేయాల్సింది సిమ్ము ఎవరి పేరు మీదుందో వాళ్లే. ఆ మనిషి ఊళ్లో లేకపోతే ఆగాలి. కాలం చేస్తే, బ్యాంకు ఖాతాకీ ఆధార్‌కీ తగిలించిన ఆ నంబరుని మన పేరు మీదకి మార్చుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరగాలి, అదీ ఆ దుఃఖంలో.

సంచార్ సాథీ అని టెలికాం శాఖవాళ్ల సైటు ఉంది. అందులో మీ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే ఆ సిమ్ము ఎవరి పేరు మీదుందో వాళ్ల పేరున ఉన్న నంబర్లన్నీ వస్తాయి. మా వదినచేత మొన్న ఆదివారం అదే చేయించాను. నాలుగు వచ్చాయి. అన్నయ్యది, ఆమెది, పెద్దబ్బాయిది, ఎవరిదో తెలియనిది ఇంకొకటి. నాలుగూ అన్నయ్య పేరు మీదే. తెలియనిదాన్ని "ఇది మాది కాదు" అని అక్కడే నొక్కించాం. వదిన సిమ్ము ఆమె పేరు మీదకి మార్చడానికి సోమవారం సెలవు పెట్టమని అన్నయ్యకి చెప్పి వచ్చాను.