రాక్షసుని నుదుటి వ్రాత

1977లో అమెరికాలో అచ్చయిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ అనే పుస్తకంలో మన రాక్షసుడు కనిపిస్తాడు. పులి తల, దొరలు ఇంట్లో తొడుక్కొనే అంగీ, పొగ పీల్చే గొట్టం. బొమ్మ సరదాగానే ఉన్నది. దానితోబాటు అతని బలాన్ని కొలిచే అంకెలు, దీవెన పొందిన బాణం తగిలితే చస్తాడన్న రహస్యం, వాటి నడుమ స్వభావమన్న చోట రెండు మాటలు: ‘లాఫుల్ ఈవిల్’. నియమానికి కట్టుబడిన దుష్టుడని అర్థం. ఈ రాక్షసుడు ఎవరు, ఎవరికేమి అపకారం చేసినాడు అని అడగడానికి ఆ పుటలో చోటు లేదు. జాతి మొత్తానికి నరమాంసం ప్రీతి అన్నారు, తీర్పు ముగిసినది. ఇట్టి తీర్పు ఆటలోనైనా తప్పేనని నా వాదం.

ఆట సంగతి తెలియనివారికి కొంత చెప్పవలె. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను వెలువరించినారు. నలుగురైదుగురు ఒక బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి, లోకాన్ని, అందులోని శత్రుమిత్రులను వర్ణించేది ఆయనే. తక్కినవారు వీరుడో, మాంత్రికుడో, దొంగో, తలా ఒక పాత్ర ధరించి తామేమి చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం సందేహమైనచోట పాచికలు వేస్తారు. సంభాషణ ముందుగా వ్రాసిపెట్టని నాటకమన్నమాట. దీనిని పిల్లలాట అని తోసిపుచ్చే సాహితీపరులతో నాకు పేచీ ఉన్నది గాని, దానికిది సమయం కాదు. పలువురు కూడి కథ కట్టేచోట మంచిచెడ్డల నిర్ణయం జరగక తప్పదు.

మొదటి ఆటలో పక్షాలు మూడే: క్రమం, అరాచకం, రెంటికీ చెందని తటస్థత. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ నవలల ప్రభావం వాటిమీద ఉన్నది. 1976లో గైగాక్స్ ఒక వ్యాసం వ్రాసి, క్రమం వేరు, మంచి వేరు అన్నాడు. 1978 నాటికి ఆ రెండు కొలతలను అడ్డంగా, నిలువుగా పరచి తొమ్మిది గడులు చేసినారు. ఈ విభజనను నేను మెచ్చుకొంటాను. హిందీకీ తెలుగుకూ నడుమ మాటలు మోసే వృత్తి నాది. ‘లాఫుల్’ అన్నదానికి ధర్మమని వ్రాస్తే ‘ధర్మబద్ధుడైన దుష్టుడు’ అనే వింత తయారవుతుంది. హిందీలో చట్టానికి వాడే ‘విధి’ని తెచ్చుకొందామంటే, తెలుగువాని చెవికది మొదట నుదుటి వ్రాతగా వినిపిస్తుంది. కనుక నియమమనే అనవలె. అనగానే అర్థం తేటపడుతుంది. కురుసభలో పాచికలు వేసినవాడు మోసగాడే కావచ్చును. పందెం, ఓటమి, దాస్యం మాత్రం జూదపు కట్టుబాట్ల ప్రకారమే నడిచినవి. ద్రౌపది అడిగిన ప్రశ్నకు, ధర్మం సూక్ష్మమని భీష్ముడు తప్పుకొన్నాడు. నియమానికి కట్టుబడిన చెడుకు అంతకంటె నిదర్శనమేమి కావలె? అయితే అక్కడ చెడు అన్న పేరు చేసిన పనినిబట్టి వచ్చినది. కౌరవపాండవులది ఒకే వంశం. రక్తం చూసి తీర్పు చెప్పడానికి వీలే లేదు.

వ్యక్తులకు ఏర్పరచిన గడులలో జాతులను కూర్చోబెట్టడంతో అసలు తప్పు మొదలయినది. ఓర్కులు దుష్టులన్నారు, ఇక వీరులకు విచారణతో పనిలేదు. పాత నియమాలలో చెడును పసిగట్టే మంత్రమొకటి ఉన్నది. పాలడిన్ అనే ధర్మవీరునికైతే అది మంత్రంతో పనిలేని సహజశక్తి. నేరం పసిగట్టేదీ, తీర్పు చెప్పేదీ, కత్తి దూసేదీ ఒక్కడే. గుహలో ఓర్కు యోధులను నరికిన తర్వాత వారి పసిపిల్లలు కంటబడితే ఏమి చేయవలెనన్న తగవు ఈ ఆటగాళ్లలో చాలాకాలంగా ఉన్నది. అట్టి తగవు పుట్టడమే ఆ సిద్ధాంతానికి గొడ్డలిపెట్టు. అయినా 2014 నాటి నియమగ్రంథం కూడా, ఓర్కు మంచిని ఎన్నుకొన్నా బ్రతికినంతకాలం తన సహజదుర్బుద్ధితో పెనగులాడవలసినదేనన్నది.

మన కథలు ఇంత తొందరపడలేదు. రాక్షసకులంలో విభీషణుడు పుట్టినాడు, దైత్యకులంలో ప్రహ్లాదుడూ బలీ పుట్టినారు. హిడింబ కొడుకు ఘటోత్కచుని 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్.వి. రంగారావు ధరించగా చూసి ముచ్చటపడని తెలుగువారు అరుదు. అంతమాత్రాన గర్వపడి ఊరుకొందామంటే కుదరదు. శంబూకుని కథ, ఏకలవ్యుని కథ కూడా మనవే. అంతకంటె దగ్గరి సంగతి మరొకటి ఉన్నది. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసినది. కొన్ని తెగలను పట్టికకెక్కించినారు. ఆ తెగలో పుట్టినవాడు ఏ నేరమూ ఎరుగకపోయినా పోలీసుల లెక్కలోకెక్కవలె, పిలిచినప్పుడు హాజరు చెప్పుకోవలె. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చినది. ఎరుకలవారిని తెచ్చి ఉంచిన స్టూవర్టుపురం ఆ కాలపు గుర్తు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయినది, మచ్చ పోలేదు. ఆ పట్టిక వ్రాసిన గుమాస్తాకూ, వినోదానికి భూతాల పుస్తకం కూర్చిన రచయితకూ ఉద్దేశంలో పోలిక లేదు. తర్కం మాత్రం ఒక్కటే.

ఓర్కు మనిషి కాదు గదా, కల్పితలోకంలో పుట్టుదుష్టులు ఉండరాదా అని ప్రతిపక్షం. ఉండవచ్చును. అయితే ఎన్నుకొనే శక్తి లేనివాడిని దుష్టుడనడమెట్లు? పులి లేడిని తింటుంది. పులిని పాపి అనము. దానిని చంపినవాడు వేటగాడు. ధర్మవీరుడన్న బిరుదు అతనికెందుకు? ఓర్కులకు నేటి రూపమిచ్చిన టోల్కీన్‌కే ఈ ప్రశ్న ముల్లు వలె గుచ్చుకొన్నది. చెడు దేనినీ సృజించజాలదన్న తన క్రైస్తవ విశ్వాసానికీ, ఉద్ధారమే లేని జాతి ఒకటున్నదన్న కథకూ పొత్తు కుదరక, ఉత్తరాలలోను చిత్తుప్రతులలోను చాలాకాలం తర్జనభర్జన పడినాడు.

2020లో ఈ ఆట ప్రచురణకర్తలు, ఓర్కుల వంటివారిని ఇకమీద తక్కిన జనులవలె మంచిచెడ్డలు కలిసినవారిగానే చిత్రిస్తామని ప్రకటించినారు. 2024 నాటి గ్రంథంలో ఓర్కు ఆటగాడు ధరించదగిన పాత్ర అయినాడు. సంతోషం. కాని ఇదే అదనుగా మంచి, చెడు అన్న మాటలనే ఆటనుంచి ఎత్తివేయండి, ఎవరి లక్ష్యం వారిది అనేవారు బయలుదేరినారు. వీరితోనూ నాకు పొసగదు. ఊరు తగులబెట్టినవాడికీ, నీళ్లు మోసి ఆర్పినవాడికీ లక్ష్యాలలో తేడా అని సరిపెట్టుకొంటే, ఆ బల్లదగ్గర చివరకు మిగిలేది బలాబలాల లెక్క. పుట్టుకకు వేసిన ముద్ర చెరపమన్నాము గాని, చేతకు పేరు పెట్టవద్దని ఎవరన్నారు?

చేతకు పేరు పెట్టే పద్ధతి కూడా కొత్తది కాదు. ఆర్థరు రాజు వీరుల కథలమీద గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో ‘పెండ్రాగన్’ అనే ఆట వెలువరించినాడు. అందులో ప్రతి వీరునికీ పదమూడు జంటల గుణాలు. ఒక్కొక్క జంట కలిపితే 20. దయ 13 ఉన్నవాడికి క్రౌర్యం 7. శరణన్నవాడిని నరికితే క్రౌర్యానికెదురుగా గుర్తు పడుతుంది; శీతకాలం రాగానే పాచిక వేస్తారు, పాచిక పలికితే క్రౌర్యం ఒక మెట్టు పెరుగుతుంది, దయ ఒక మెట్టు దిగుతుంది. ఏ గుణాలు సుగుణాలన్నది క్రైస్తవునికి ఒక విధం, పాతదేవతలను కొలిచేవానికి మరొక విధం అనికూడా ఆ ఆట దాచకుండా చెబుతుంది. వీరుని మనసులోని మాటను పాచిక చెప్పడమేమిటని కొందరికి కష్టం. ఆ కష్టం నాకూ కొంత ఉన్నది. అయినా అక్కడ మనిషి చేసిన పని ముందు, పేరు తర్వాత.

మన దేశంలోనూ ఈ ఆటకు సూత్రధారులున్నారు. వారికి నా మనవి ఒక్కటే: స్వభావమన్న గడిని ఖాళీగా ఉంచి ఆట మొదలుపెట్టండి, జరిగినదానినిబట్టి పెన్సిలుతో నింపండి. ఇట్లా చేస్తే ఆట మందగిస్తుందని ఫిర్యాదు. మందగిస్తుంది, నిజమే. పదిమంది ఓర్కులను నరికే సాయంత్రం ఒక్కనితో మాట్లాడడంలో గడిచిపోవచ్చును. అతడు అబద్ధమాడవచ్చును. నమ్మినందుకు మనవారిలో ఒకడు చావనూవచ్చును.