గ్రాముల లెక్కలో ప్రాణం లెక్క తప్పుతోంది

కొండల్లో రోజుల తరబడి సాగే పరుగు పందేలకు తయారవుతున్న మన కుర్రాళ్ళలో ఒక మాట వేదవాక్కులా చెలామణీ అవుతోంది. సంచి ఎంత తేలికైతే పరుగు అంత గొప్పదట. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, మా కలిదిండి, ఈ కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో చేపల చెరువు గట్ల మీదా కాలవ రోడ్ల మీదా పరుగు నేర్చుకుని, మారథాన్లు దాటి, ఇప్పుడు హిమాలయాల వైపు చూస్తున్నవాళ్ళున్నారు. గర్వపడాల్సిన సంగతే. వాళ్ళు సంచి సర్దే తీరు చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఒక్కొక్క వస్తువే కాటా మీద పెట్టి తూస్తారు. వాన కోటు తీసేస్తారు, ఉన్ని టోపీ తీసేస్తారు, రెండో టార్చిలైటు తీసేస్తారు. "ఎందుకన్నా ఈ మోత, మధ్యాహ్నానికల్లా క్యాంపులో ఉంటాం కదా" అంటారు. బూట్లకు వేలకు వేలు పెట్టడానికి వెనకాడరు గాని, పది గ్రాముల ఈల దగ్గర బరువు గుర్తుకొస్తుంది.

ఈ పద్ధతి తప్పు, ప్రమాదకరం కూడా. కొండ పరుగులో అత్యవసర సామాను అంటే, పరుగు ఆగిపోయిన మనిషిని సాయం అందేదాకా బతికించి ఉంచే సామాను. వేగం లెక్కలు దాని తర్వాతే మొదలవ్వాలి. మనం ఈ వరసను తిరగేశాం.

తేలిక సంచి వాదులు ముందుగా చెప్పే మాట ఒకటుంది. బరువు తగ్గితే త్వరగా దిగిపోతాం, త్వరగా దిగితే చలిలోనూ వానలోనూ ఉండే సమయం తగ్గుతుంది, కాబట్టి తేలిక సంచే అసలైన రక్షణ అంటారు. పరుగు సాగినంతసేపూ ఇది నిజమే. పరిగెత్తే మనిషి కండరాలు బోలెడు వేడి పుట్టిస్తాయి. ఐదు డిగ్రీల చలిలోనైనా ఒంటి మీద పల్చటి టీషర్టుతో హాయిగా సాగిపోవచ్చు. అయితే చీలమండ మడతపడితే? కడుపు తిరిగి కూలబడితే? మంచులో దారి కనబడక నిలబడిపోతే? వేడి పుట్టడం ఆగిపోతుంది, చెమటతో తడిసిన బట్ట ఒంట్లో ఉన్న వేడిని లాగేయడం మొదలెడుతుంది. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కిందికి దిగితే దాన్ని వైద్యులు హైపోథర్మియా అంటారు. మొదట వణుకు, తర్వాత మాట ముద్దగా రావడం, అడుగు తడబడటం. అన్నిటికన్నా ప్రమాదం, ఆలోచన మందగించడం. తాను ప్రమాదంలో ఉన్నానన్న సంగతే ఆ మనిషికి తెలియదు. త్వరగా దిగిపోతామన్న లెక్క అంతా ఏమీ జరగదన్న నమ్మకం మీద నిలబడింది. అత్యవసర సామాను ఏదైనా జరిగిన రోజు కోసం.

2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో ఏం జరిగిందో చూడండి. పసుపు నది రాతివనంలో వంద కిలోమీటర్ల కొండ పరుగు. 172 మంది బయలుదేరారు. చాలామంది ఒంటి మీద నిక్కరు, పల్చటి చొక్కా. మధ్యాహ్నం ఉన్నట్టుండి గడ్డకట్టించే వాన, వడగళ్ళు, పెనుగాలి. వాహనం వెళ్ళడానికి వీల్లేని ఎక్కుడు దారిలో వాళ్ళు చిక్కుకుపోయారు. 21 మంది చనిపోయారు. గాలిని ఆపే జాకెట్ ఆ పందెంలో తప్పనిసరి వస్తువు కాదు, ఉంటే మంచిదని మాత్రమే చెప్పారు. ఉంటే మంచిదన్నదాన్ని బరువు చూసుకునేవాడు ఎవడు మోస్తాడు? అక్కడ కొందరు బతికి బయటపడ్డారంటే, ఒక గొర్రెల కాపరి వాళ్ళను కొండ గుహలోకి చేర్చి నిప్పు రాజేయడం వల్ల.

దీని పక్కన ఇంకో పందెం పెట్టి చూద్దాం. బ్రిటన్‌లో 1968 నుంచి జరుగుతున్న రెండు రోజుల కొండ మారథాన్ ఒకటుంది. జంటలుగా పరిగెత్తాలి. గుడారం, పడుకునే సంచి, పొయ్యి, తిండి, వెచ్చని బట్టలు, అన్నీ తమ వీపు మీదే మోసుకోవాలి. 2008 అక్టోబర్ 25న ఇంగ్లండులోని బారోడేల్ లోయలో ఆ పందెం జరుగుతుండగా తుపాను విరుచుకుపడింది. వాగులు పొంగాయి, రోడ్లు మునిగాయి, పందెం రద్దు చేశారు. దాదాపు రెండున్నర వేల మంది పాల్గొన్న ఆ పందెంలో 1,700 మంది జాడ తెలియడం లేదని టీవీలు గగ్గోలు పెట్టాయి. మర్నాటికి అందరి జాడా తెలిసింది, ఒక్కరూ చనిపోలేదు. కొందరు పాకల్లో తలదాచుకున్నారు, ఎందరో కొండ మీదే గుడారం వేసుకుని పడుకున్నారు. ఈ రెండు పందేలకూ ఉన్న తేడా అంతా సంచిలోనే ఉందని నేను అనను. దారులు వేరు, చలి తీవ్రత వేరు, నిర్వహణ వేరు. కానీ తుపానులో ఆగిపోయిన మనిషి దగ్గర రాత్రి గడిపే సామాను ఉందా లేదా అన్నది చిన్న తేడా కాదు.

రెండో వాదం: పెద్ద పెద్ద పరుగువీరులు చిన్న సంచితోనే పరిగెత్తుతున్నారు కదా, మనమూ వాళ్ళలా చేస్తే తప్పేమిటి? గాన్సులో చనిపోయినవాళ్ళలో ల్యాంగ్ జింగ్ ఉన్నాడు. చైనా దూరపు పరుగు వీరుల్లో అగ్రగణ్యుడాయన. నైపుణ్యం గాలివానను ఆపలేకపోయింది. పైగా అగ్రశ్రేణి పరుగువీరుడు కొద్ది గంటల్లో దిగిపోయే దారిలో మామూలు పరుగరి రెండింతలు, మూడింతలు సమయం ఉంటాడు, చీకటి కూడా పడుతుంది. నెమ్మదిగా వెళ్ళేవాడికే ఎక్కువ సామాను కావాలి. మోంట్ బ్లాంక్ చుట్టూ తిరిగే ప్రఖ్యాత పందెంలో గెలిచేవాడైనా ఆఖరివాడైనా ఒకటే జాబితా మోయాలి. టోపీ ఉన్న వాన జాకెట్, వెచ్చని రెండో పొర, ప్రాణరక్షక దుప్పటి, ఈల, లీటరు నీళ్ళు పట్టే సీసాలు అందరికీ తప్పనిసరి. సహారా ఎడారిలో రోజుల తరబడి సాగే మారథాన్ దె సాబ్ల్‌లో అయితే నీళ్ళు కాక సంచి కనీసం ఆరున్నర కిలోలు ఉండాలని, రోజుకు కనీసం 2,000 క్యాలరీల తిండి ఉండాలని నియమం. తేలిక మోజు మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ఆ నిర్వాహకులకు తెలుసు కాబట్టే కనీస బరువు పెట్టారు.

మూడో వాదం మన దేశపు పందేలకు సంబంధించింది. డార్జిలింగ్ కొండల్లో 1991 నుంచి జరుగుతున్న హిమాలయన్ హండ్రెడ్ మైల్ స్టేజ్ రేస్‌నే తీసుకోండి. ఐదు రోజుల్లో వంద మైళ్ళు. మొదటి రోజే మానేభంజన్ నుంచి దాదాపు 38 కిలోమీటర్లు ఎక్కుతూ 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫు చేరాలి. పెద్ద సంచి జీపులో క్యాంపుకు వస్తుంది కదా, వీపు మీద ఇంకేం కావాలి అంటారు. కావలసింది ఇక్కడే. ఆ వెచ్చని బట్టలు జీపులో ఉన్నాయి, మీరు ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పొగమంచులో ఉన్నారు. జీపులో ఉన్న స్వెట్టరు ఆ గంటలో లేనట్టే లెక్క.

ఇక మా ప్రాంతం వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. కలిదిండి సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఇక్కడ 30 డిగ్రీలున్న రోజున, ఎత్తు ఒక్కటే లెక్కేసుకున్నా, సందక్‌ఫు మీద ఆరేడు డిగ్రీలు. దానికి గాలి తోడైతే, ఒళ్ళు తడిస్తే, ఆ చలి ఇంకా ఎన్నో రెట్లుగా తగులుతుంది. తెల్లవారుజామున ఇరవై డిగ్రీలుంటేనే మంకీ క్యాపు పెట్టుకునే ఊళ్ళు మనవి. మన ఒంటికి చలి గుర్తులు తెలియవు. ఏ వణుకు మామూలుదో, ఏ వణుకు ప్రమాదమో మనకు అనుభవం చెప్పలేదు. పైగా మనకు నూలు బనీను అలవాటు. ఇక్కడి ఉక్కపోతకు దాన్ని మించింది లేదు. అక్కడ తడిసిన నూలు బట్ట ఆరదు, ఒంటికి అతుక్కుని వేడిని లాగుతూనే ఉంటుంది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో వాతావరణం విషమించి కర్ణాటక నుంచి వెళ్ళిన తొమ్మిది మంది ట్రెక్కర్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళూ మనలాంటి దక్షిణాది వాళ్ళే. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిందని మురిసిపోతాం. ఆ పిల్లను భువనగిరి కోట బండ మీద ఎక్కించి, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించి, లద్దాఖ్ చలిలో ఉంచి, ఆ తర్వాతే పంపారు. చలిని ముందుగా ఒంటికి పరిచయం చేశాకే కొండకు పంపారన్న సంగతి మనం చెప్పుకోం.

ఎప్పుడో గాని వాడని వస్తువును రోజంతా మోయడం దండగ అనేవాళ్ళకు మా ఊరి రొయ్యల చెరువులే జవాబు. ప్రతి చెరువు దగ్గరా ఒక డీజిల్ జనరేటరు ఉంటుంది. చాలా రాత్రులు అది ఊరికే పడి ఉంటుంది. అయినా దాన్ని దండగ అన్న రైతు కలిదిండి మండలంలో లేడు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే నీళ్ళలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. ఆ ఒక్క రాత్రి కోసం లక్షలు పెట్టి కొనుక్కున్నాం. రొయ్యకు పెట్టిన జాగ్రత్త మన పిల్లలకు పెట్టుకోలేమా?

మరి ఏం తీసుకెళ్ళాలి? జాబితా పెద్దదేం కాదు. కుట్లకు టేపు వేసి, టోపీ ఉన్న వాన జాకెట్. తడిసినా వెచ్చదనం ఇచ్చే ఉన్ని గాని ఫ్లీస్ గాని ఒక పొర. టోపీ, చేతి తొడుగులు. వెండి రేకులా మెరిసే ప్రాణరక్షక దుప్పటి, అరచేతిలో పట్టేంత మడతలో దొరుకుతుంది. తలకు కట్టుకునే లైటు ఒకటి, దానికి తోడు మరొకటి. ఈల. లీటరు నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ఒక పూట అదనపు తిండి. కాలికి చుట్టే సాగే పట్టీ, బొబ్బలకు టేపు, చార్జింగ్ నిండిన ఫోను. నీళ్ళూ తిండీ మినహాయిస్తే ఇదంతా కిలో అటూ ఇటూ. తిండికి దిగుమతి జెల్ పొట్లాలే కావాలని ఎవరన్నారు? వేరుశనగ చిక్కీ వంద గ్రాముల్లో సుమారు ఐదు వందల క్యాలరీలుంటాయి, చలికి చెడదు, మన నోటికి పడుతుంది. బైకు మీద తొడుక్కునే ప్లాస్టిక్ కోటు మాత్రం నమ్ముకోకండి. బయటి వానను ఆపుతుంది గాని లోపలి చెమటను బయటకు పోనివ్వదు, కాసేపట్లో లోపలంతా తడే.

రోజుల తరబడి సాగే పందెంలో ఇంకో రెండు సంగతులున్నాయి. మొదటి రోజు తడిసిన బూట్లు రెండో రోజుకు ఆరవు, అక్కడే పాదాలు పాడై పందెం ముగుస్తుంది. కాబట్టి క్యాంపు సంచిలో ప్రతి రోజుకూ పొడి మేజోళ్ళ జత, రాత్రి మాత్రమే తొడుక్కునే పొడి బట్టలు, అన్నీ పాలిథిన్ కవర్లో మూతి బిగించి ఉండాలి. రాత్రి బట్టను పగలు ముట్టుకోకూడదు. రెండోది, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అదనపు బ్యాటరీ ఒంటికి ఆనుకున్న జేబులో ఉండాలి.

వస్తువు ఉండటం ఒక ఎత్తు, చేతికి అందడం ఒక ఎత్తు. చలికి ముందు చచ్చుబడేది వేళ్ళు. గుండీ పట్టు దొరకదు, జిప్పు లాగలేం, చిక్కీ కవరు చించలేం. జాకెట్ సంచి అడుగున ఉంటే, వేళ్ళు మొద్దుబారాక అది ఇంట్లో ఉన్నా ఒకటే. అందుకే జాకెట్ అన్నిటికన్నా పైన ఉండాలి, వణుకు పుట్టకముందే, మబ్బు కమ్మగానే తొడుక్కోవాలి. జిప్పు కొసకు ఒక తాడు ముక్క కట్టుకుంటే పళ్ళతోనైనా లాగవచ్చు. ఈల భుజం పట్టీకే వేలాడాలి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. కొండల్లో సాయం కోరే పద్ధతి అది. పొగమంచులో గొంతు వినబడని దూరానికి ఈల వినబడుతుంది. ఇంట్లో చన్నీళ్ళ బకెట్లో ఐస్ వేసి చేతులు ముంచి, వెంటనే సంచి విప్పి జాకెట్ తొడుక్కోగలరేమో ఒకసారి ప్రయత్నించండి. మీ సర్దుడులో తప్పేమిటో అప్పుడే తెలుస్తుంది.

బరువు తగ్గించవద్దని నేను చెప్పడం లేదు. రెండో జత చొక్కా, ఇయర్‌ఫోన్లు, వీడియో కెమెరా, దాని కడ్డీ, సౌకర్యం కోసమూ ప్రదర్శన కోసమూ మోసేవన్నీ వదిలేయండి. ప్రాణం నిలిపే వస్తువును మాత్రం కాటా మీదకు ఎక్కించకండి.

పందేలు నిర్వహించేవాళ్ళకు ఒక మాట. ఉంటే మంచిది అన్న మాటను మీ నియమావళి నుంచి కొట్టేయండి. వస్తువు కావాలంటే తప్పనిసరి చేయండి, బయలుదేరే గీత దగ్గర సంచి విప్పించి చూడండి, లేనివాణ్ణి ఆపేయండి. మన ఊళ్ళలో పరుగు బృందాలు నడుపుతున్న పెద్దలకూ అదే మాట. కుర్రాణ్ణి రైలెక్కించే ముందు సంచి మీరే విప్పి చూడండి. వెళ్ళేవాళ్ళు ఆ పూర్తి బరువుతోనే చెరువు గట్ల మీద పరిగెత్తి అలవాటు పడండి. ద్వారకాతిరుమల మెట్ల మీద, గుంటుపల్లి గుహల కొండ మీద, వీలైతే పాపికొండల్లో అదే సంచితో ఎక్కి దిగండి. ఆ కిలో బరువు మోయలేకపోతే ఒళ్ళు కొండకు ఇంకా సిద్ధం కాలేదనే అర్థం. అలాంటప్పుడు ఈ ఏడు పందెం మానుకోండి, వచ్చే ఏడు పూర్తి సంచితో వెళ్ళండి.