ఆల్కహాల్ చర్యలు – దిల్‌సుఖ్‌నగర్ చదువులు

విద్యార్థి సంఘం మిత్రులు ఈ వార్షిక సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు కవిత రాయనా, కథ రాయనా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. రెండూ నాకు రావని తేలింది. నాకొచ్చిందల్లా కాస్తంత కర్బన రసాయన శాస్త్రం. కనుక అందులో అందరమూ చదివి, పరీక్ష కాగానే మరచిపోయే ఒక పాఠం గురించి, దాన్ని మన ఊళ్లో పిల్లలకు ఎక్కిస్తున్న తీరు గురించి నా అభిప్రాయం చెబుతాను. పాఠం పేరు ఆల్కహాల్‌లు. పేరు వినగానే నవ్వే మిత్రులు వ్యాసం పూర్తయ్యేదాకా ఆ నవ్వును దాచుకోవాలని మనవి.

నేను ఎమ్మెస్సీ చదువుతూ, గది అద్దె కోసం సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతుంటాను. అక్కణ్ణుంచి చైతన్యపురి మీదుగా ఎల్బీనగర్ దాకా విజయవాడ రోడ్డు వెంట నడిచి చూడండి. కోచింగ్ బోర్డులు, హాస్టల్ బోర్డులు, వాటి మధ్య టిఫిన్ బండ్లు. నల్గొండ వైపు నుంచి, ఖమ్మం వైపు నుంచి బస్సెక్కిన పిల్లలు ఇక్కడే దిగుతారు. తల్లిదండ్రులు అప్పు చేసి పంపిన పిల్లలు. వాళ్లు చదవరని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మనకంటే ఎక్కువే చదువుతారు. ఏం చదువుతున్నారన్నదే నా బాధ.

ఒకరోజు ఆల్కహాల్‌ల ఆక్సీకరణం నడుస్తోంది. ప్రైమరీ ఆల్కహాల్ ఏమవుతుందని అడిగాను. "ఆల్డిహైడ్, తర్వాత ఆమ్లం" అని గది దద్దరిల్లింది. సెకండరీ? "కీటోన్!" మరి టెర్షియరీ? "జరగదు సార్!" ఎందుకు జరగదు అన్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. చివరికి ఒక అబ్బాయి, "షార్ట్‌కట్ షీట్‌ల అట్లనే ఉంది సార్" అన్నాడు.

కారణం కష్టమైనదేమీ కాదు. హైడ్రాక్సిల్ సమూహం ఏ కార్బన్ మీద ఉందో, ఆ కార్బన్ మీద హైడ్రోజన్ కూడా ఉంటేనే ఆక్సీకరణం తేలిగ్గా సాగుతుంది. టెర్షియరీ ఆల్కహాల్‌లో ఆ హైడ్రోజన్ లేదు. చర్య జరగాలంటే కార్బన్-కార్బన్ బంధమే తెగాలి, అది సులువుగా తెగదు. అంతే. ఈ రెండు ముక్కలు తెలిస్తే మూడు జవాబులూ గుర్తుపెట్టుకోవలసిన పనే లేదు.

"ఈ ఆక్సీకరణం మీరెవరైనా కళ్లారా చూశారా?" అని అడిగాను. చివరి బెంచీలో నల్గొండ జిల్లా అమ్మాయి ఒకతె భయపడుతూ లేచింది. "మా తాత తాళ్లెక్కుతడు సార్. పొద్దుగాల దించిన కల్లు మాపటికి పుల్లగైతది. గదేనా సార్?" అంది. పిల్లలందరూ గొల్లున నవ్వారు. నాకు మాత్రం ఆ పూట ట్యూషన్ డబ్బులు ముట్టినంత సంతోషమైంది. అదేనమ్మా! కల్లులో చక్కెరను ఈస్టు ఇథనాల్‌గా మారుస్తుంది. ఆ ఇథనాల్‌ను బాక్టీరియా గాలిలోని ఆక్సిజన్‌తో అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. పులుపుకు వేరే ఆమ్లాలూ తోడవుతాయి గాని, వెనిగర్‌ను తలపించే ఆ ఘాటు దీనిదే. తాత ముంతలో ఉన్నదీ మనవరాలి నోట్సులో ఉన్నదీ ఒకటేనని ఆ పిల్లకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి చూడండి. ఇథనాల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే డైఇథైల్ ఈథర్ వస్తుంది, 170 దగ్గరైతే ఇథిలీన్. పిల్లలకు ఈ అంకెలు 413, 443 కెల్విన్ అని కంఠతా వచ్చు. తక్కువ వేడిలో ఒక ఆల్కహాల్ అణువు ఇంకొక దానితో చేయి కలుపుతుందని, వేడి పెరిగేకొద్దీ అణువు తనలోంచే నీటిని వదులుకునే దారి బలపడుతుందని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలే దొరకవు. ఎంసెట్, ఇప్పటి పేరుతో ఎప్‌సెట్, ఇంజనీరింగ్ విభాగంలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అందులో 40 కెమిస్ట్రీవి. ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. 'ఎందుకు' అని ఆలోచించే పిల్లవాడు ఆ పందెంలో వెనకబడతాడని అందరి భయం.

"పోనీలెద్దూ, ర్యాంకు వస్తే చాలదా" అనవచ్చు మీరు. ఈ ఒక్క పాఠంలో మాత్రం చాలదు. 2020 జులై చివర, మద్యం దుకాణాలు మూతపడి ఉన్న రోజుల్లో, ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో పొరుగున తమిళనాడులోని కళ్లకురిచిలో మెథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. మెథనాల్ కూడా ప్రైమరీ ఆల్కహాలే. కాలేయంలోని ఎంజైమ్ దాన్ని ఫార్మాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది ఫార్మిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లమే కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఎంజైమ్‌కు మెథనాల్ కంటే ఇథనాల్ మీద మక్కువ ఎక్కువ. అందుకే ఆసుపత్రిలో ఫోమెపిజోల్ అనే మందు దొరకనప్పుడు డాక్టర్లు లెక్కగా ఇథనాల్‌నే విరుగుడుగా ఇస్తారు. పిల్లలు గొంతెత్తి అరిచిన "ఆల్డిహైడ్, తర్వాత ఆమ్లం" అన్న జవాబు ఇదే. పరీక్షలో దాని విలువ ఒక మార్కు. ఊళ్లో తెలిసినవాడు ఒకడుంటే, కళ్లు మసకబారాయన్న మనిషిని పొద్దున్న చూద్దాంలే అనకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి చేరుస్తాడు.

కోచింగ్ వాళ్లను తిట్టి చేతులు దులుపుకోవడం నా ఉద్దేశం కాదు. ఆ గదుల్లోంచే మా ఊరి నుంచి మొదటి ఇంజనీరు వచ్చాడు. నేనూ ఆ షీట్లు బట్టీ పట్టి వచ్చినవాణ్ణే. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. మా బ్యాచికి పరీక్ష ముందు నాలుగు రోజుల్లో అన్నీ అయిపోయాయనిపించారు. ఆల్కహాల్‌లో సోడియం ముక్క వేస్తే బుడగలెలా వస్తాయో నేను డిగ్రీలో గాని చూడలేదు. మరి మనమేం తక్కువ తిన్నాం? యూనివర్సిటీ కాలేజీకి వచ్చాక కూడా రికార్డులు ఒకరివి చూసి ఒకరం దింపుకుంటున్నామా లేదా? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి.

కనుక నాది ఒకటే సూచన. సెలవుల్లో రెండు ఆదివారాలు మన ప్రయోగశాలను దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ హాస్టళ్ల పిల్లలకు తెరుద్దాం. నాలుగే ప్రయోగాలు. సోడియంతో హైడ్రోజన్ బుడగలు. లూకాస్ కారకంతో టెర్షియరీ ఆల్కహాల్ వెంటనే మసకబారడం, సెకండరీ కొన్ని నిమిషాలు తీసుకోవడం, ప్రైమరీ గది వేడిమికి కదలకపోవడం. నారింజ రంగు డైక్రోమేట్ ఆకుపచ్చగా మారడం. అది విషం కనుక రెండు చుక్కలే, గురువుల ఎదుటనే. చివరికి అసిటిక్ ఆమ్లంతో ఎస్టర్ చేసి ఆ పళ్ల వాసన చూపడం. వారాంతాల్లో ట్రాఫిక్ పోలీసులు నోటి దగ్గర పెట్టే యంత్రంలోనూ ఇథనాల్ ఆక్సీకరణమే జరుగుతుందని, అక్కడ రంగుకు బదులు కరెంటు పుడుతుందని కూడా చెప్పి పంపుదాం. సీనియర్లం దగ్గరుండి చేయిస్తాం. అధ్యాపకులు అనుమతించాలి, సంఘం నిధిలోంచి కొంత ఇవ్వాలి, పూర్వ విద్యార్థులు ఓ చేయి వేయాలి.

రెండు ఆదివారాలతో ఏమవుతుందని పెదవి విరిచేవారికి ఒక్క మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు వయోజన విద్య వాచకంలో ఒక పాఠం చదివి, మా ఊళ్లో సారా ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఆ పాఠాన్ని పరీక్ష కోసం చదవలేదు, తమ బతుకుతో కలిపి చదువుకున్నారు.

చివరి బెంచీ అమ్మాయి కూడా అట్లాగే చదివింది. ఆ రోజు అందరూ నవ్వేసరికి తల దించుకుని కూచుంది. రేపు మన ప్రయోగశాలలో పరీక్షనాళిక ఆ పిల్ల చేతికే ముందు ఇవ్వాలని నా కోరిక.